పేరుకు 'ఐ7'... లోపల పాత సరుకు!

ఆటల కంప్యూటర్ కొనేముందు ఎద్దు పళ్లు చూసినట్టు చూడాలి

మిర్చి, పత్తి అమ్మిన సొమ్ము చేతికందే వేళకు పల్లెల్లో ఖర్చులన్నీ వరసలో నిలబడి వుంటాయి. ఎరువుల దుకాణం బాకీ, కౌలు, పిల్లల ఫీజులు, ఆడపిల్ల పెళ్లికి దాచే నాలుగు రాళ్లు. గుంటూరు, పల్నాడు జిల్లాల్లో ఇటీవల ఆ వరసలోకి మరో ఖర్చు వచ్చి చేరింది. పూర్వం పదో తరగతి గట్టెక్కిన పిల్లవాడు సైకిలు అడిగేవాడు. ఆ తర్వాత మోటారు సైకిలు, సెల్‌ఫోన్ అడిగారు. ఇప్పుడు "నాన్నా, గేమింగ్ కంప్యూటర్ కొనిపెట్టు" అంటున్నారు.

అడిగేది ఆటల కోసమే అయినా, అదే యంత్రం మీద చదువు సాగుతుంది, ప్రోగ్రాములు రాయడం నేర్చుకోవచ్చు, వీడియోలు కత్తిరించి కూర్చవచ్చు. అందుచేత కొనడమా, మానడమా అన్నది ఆ ఇంటి పెద్దలు తేల్చుకోవలసిన విషయం. కొనాలని తేల్చుకున్నాకనే అసలు చిక్కు మొదలవుతుంది. పట్నంలో దుకాణం ముందు బోర్డు వుంటుంది. "ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, రంగు దీపాల డబ్బా, అన్నీ కలిపి కారుచౌక!" పక్క దుకాణంలో ఐ3 ప్రాసెసర్ యంత్రానికే అంతకంటే ఎక్కువ చెబుతారు. ఏడు పెద్దదా, మూడు పెద్దదా అని చూసుకున్న తండ్రి మొదటి దుకాణంలోనే సొమ్ము లెక్కపెట్టి ఇస్తాడు. ఇంటికి తెచ్చాక ఆట సగంలో ఆగిపోతుంటే కొడుకు ముఖం చిన్నబోతుంది. పోయిన సొమ్ము మళ్లీ రావాలంటే వచ్చే పంట దాకా ఆగాలి.

ఇందులో తెలివి తక్కువతనమేమీ లేదు. సంతలో ఎద్దును కొనేటప్పుడు కొమ్ముల రంగు చూసి బేరమాడే రైతు ఎవడూ వుండడు. నోరు తెరిచి పళ్లు చూస్తాడు, నడిపించి చూస్తాడు. కంప్యూటరుకు ఆ పళ్లు ఎక్కడుంటాయో ఎవరూ చెప్పకపోవడమే ఇబ్బందికి కారణం.

ముందు ఆట పేరు రాసుకోవాలి

దుకాణానికి వెళ్లకముందే ఇంట్లో చేయవలసిన పని ఒకటుంది. అబ్బాయిని గాని, అమ్మాయిని గాని కూర్చోబెట్టి, ఆడదలచుకున్న మూడు నాలుగు ఆటల పేర్లు కాగితం మీద రాయించాలి. అన్ని ఆటలకూ ఒకే బలం అక్కరలేదు. వాలరెంట్ 2020లో వచ్చింది, ఆడుకోవడానికి సొమ్ము కట్టనక్కరలేదు. అది తేలిక ఆట. మైన్‌క్రాఫ్ట్ కూడా మామూలుగా ఆడితే తేలికే. 2023లో వచ్చిన కౌంటర్ స్ట్రైక్ 2 కొంచెం బరువు. సైబర్‌పంక్ 2077 వంటివి బాగా బరువైన ఆటలు. ప్రతి ఆటనూ అమ్మే చోట, కనీసం ఏ ప్రాసెసర్, ఏ కార్డు, ఎంత ర్యామ్ కావాలో, హాయిగా ఆడాలంటే ఏవి కావాలో రెండు వరసల్లో రాసి వుంటుంది. రెండో వరసను కాగితం మీద దించుకుంటే సగం బేరం ఇంట్లోనే పూర్తయినట్టు.

ఆటలన్నీ ఫోనులో ఆడేవే అయితే వాటికోసం ఇంత ఖర్చు పెట్టనవసరం లేదన్న సంగతి కూడా అప్పుడే తేలిపోతుంది.

కాడికి జోడు కుదరాలి

జనం 'సీపీయూ' అని పిలిచే డబ్బాలో ఆటకు సంబంధించి ముఖ్యమైనవి రెండు. ఒకటి ప్రాసెసర్. ఆటలో ఎవరు ఎక్కడున్నారు, పేలిన తూటా ఎవరికి తగిలింది వంటి లెక్కలన్నీ అది చేస్తుంది. రెండోది గ్రాఫిక్స్ కార్డు. ఆ లెక్కల ప్రకారం బొమ్మ గీసి తెర మీదకు పంపేది ఇది. సెకనుకు అరవై బొమ్మలు గీయగలిగితే ఆట సాఫీగా కనిపిస్తుంది. ముప్ఫైకి దిగువన పడితే బండి గతుకుల్లో పోయినట్టుంటుంది.

కాడికి ఒకవైపు ఒంగోలు కోడెను, మరోవైపు దూడను కడితే అరక దూడ నడకే నడుస్తుంది. ఇక్కడా అంతే. ఖరీదైన ప్రాసెసర్ పక్కన నాసి కార్డు పెట్టినా, మంచి కార్డు పక్కన పదేళ్లనాటి ప్రాసెసర్ పెట్టినా ఖర్చయిన సొమ్ములో కొంత వృథాయే. ఆటల కోసమే కొనే యంత్రంలో తెర, యూపీఎస్ మినహాయిస్తే, నూరు రూపాయల్లో 35 నుంచి 40 రూపాయలు గ్రాఫిక్స్ కార్డుకు, 15 నుంచి 20 రూపాయలు ప్రాసెసరుకు పోవడం సబబుగా వుంటుంది. ఇది రాతి మీద గీత కాదు గాని, దుకాణదారు ఇచ్చిన కొటేషన్‌లో ప్రాసెసరుకే సగం సొమ్ము పోతుంటే మాత్రం ఆగి అడగాలి.

అంకెల్లోనే వయసు

ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్ల మీద ఐ3, ఐ5, ఐ7 అని వుండేది జాతి మాత్రమే. వయసు ఆ వెనక అంకెల్లో వుంటుంది. ఐ7-3770 అంటే మూడో తరం, 2012లో వచ్చింది. ఐ7-2600 రెండో తరం, 2011 నాటిది. ఐ3-12100 అంటే పన్నెండో తరం, 2022లో వచ్చింది. బోర్డు మీద కారుచౌక అని రాసే 'ఐ7'లు చాలావరకు రెండు, మూడు, నాలుగు తరాలవే. ఆఫీసుల్లో ఏళ్ల తరబడి వాడి తీసేసిన యంత్రాల నుంచి వచ్చినవి. పన్నెండో తరం ఐ3 ఆటల్లో ఆ పాత ఐ7లను తేలికగా దాటిపోతుంది. పేరులో ఏడు వున్నంత మాత్రాన ముసలి ఎద్దు కోడె కాదు.

నెమ్మదితనం ఒక్కటే కాదు, మరో ఇబ్బంది కూడా వుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే భద్రతా సవరణలు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11 నియమాల ప్రకారం ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఏఎమ్‌డీలో రైజెన్ 2000 వరస నుంచే అర్హత. వాలరెంట్ ఆట విండోస్ 11 మీద నడవాలంటే టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా ఏర్పాట్లు తప్పనిసరి. ఏదో ఒక అడ్డదారిలో పాత యంత్రంలో విండోస్ 11 ఎక్కించి ఇచ్చినా, పిల్లవాడు ఆడదామనుకున్న ఆటే తెరుచుకోకపోవచ్చు.

కొత్తగా కొనేవారికి సరిపోయే ప్రాసెసర్లు చాలానే వున్నాయి. ఇంటెల్‌లో ఐ3-12100ఎఫ్, ఐ5-12400ఎఫ్, ఏఎమ్‌డీలో రైజెన్ 5 5600, రైజెన్ 5 7600 మొదటి యంత్రానికి మంచి జోళ్లు. ఐ5-12400ఎఫ్, రెండు రైజెన్లకూ ఆరేసి కోర్లు వుంటాయి. అంటే లెక్కలు చేసే కూలీలు ఆరుగురన్నమాట. చివర వున్న అక్షరం కూడా చూడాలి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' వుంటే అందులో సొంత గ్రాఫిక్స్ వుండవు. విడిగా కార్డు లేకపోతే తెర మీద బొమ్మే రాదు. ఏఎమ్‌డీలో చివర 'జి' వుంటే బొమ్మ గీసే బలం కొంత ప్రాసెసర్‌లోనే వుంటుంది.

దుకాణంలో యంత్రం ఆన్ చేసి వుంటే, మీటల పలక మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కాలి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పర్ఫార్మెన్స్ అన్నచోట ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్ ఎంత, కార్డు ఏది అన్నవన్నీ కనిపిస్తాయి. ఎద్దు నోరు తెరిచి చూడటమంటే ఇదే.

కార్డుకు జీబీలే బలం కాదు

"నాలుగు జీబీ కార్డండీ" అన్న మాట విని మోసపోయేవారు మరికొందరు. జీబీ అంటే కార్డు దగ్గరున్న గాదె మాత్రమే. గాదె పెద్దదైనంత మాత్రాన పంట ఎక్కువ పండదు. 2014లో వచ్చిన జీటీ 730 కార్డు నాలుగు జీబీలతో దొరుకుతుంది. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650కీ నాలుగు జీబీలే. రెండింటి బలానికీ పోలికే లేదు. మొదటిది ఆటలకోసం చేసిన కార్డే కాదు.

పేరొకటే వుండి సరుకు వేరైన సందర్భాలూ వున్నాయి. ఆర్‌టీఎక్స్ 3050 పేరుతో 2022లో ఎనిమిది జీబీల కార్డు వచ్చింది. 2024లో అదే పేరుతో ఆరు జీబీల కార్డు వచ్చింది. రెండోదాంట్లో తగ్గింది జీబీలు మాత్రమే కాదు, బలం కూడా తగ్గింది. అయితే దానికి సుమారు 70 వాట్ల కరెంటే చాలు కనుక దాని ఉపయోగం దానికుంది. కొనేవాడికి తాను ఏది కొంటున్నాడో తెలియాలి, అంతే.

మామూలు హెచ్‌డీ తెర మీద, అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలున్న తెర మీద ఆడటానికి ఎనిమిది జీబీల ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌ఎక్స్ 7600, ఆర్‌టీఎక్స్ 4060, 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5060 వంటివి సరిపోతాయి. ఏ దుకాణంలో ఏది దొరికితే దాని ధర మిగతావాటితో పోల్చుకోవాలి. కొత్తది కదా అని ఎక్కువ పెట్టనవసరం లేదు, పాతది కదా అని వదలనవసరమూ లేదు.

వాడిన కార్డులు కొనేవారు మరింత జాగ్రత్తగా వుండాలి. ఎథీరియం అనే డిజిటల్ నాణెం తవ్వకానికి రాత్రింబవళ్లు వాడిన కార్డులు, 2022 సెప్టెంబర్‌లో ఆ తవ్వకం ఆగిపోయాక బజారులోకి వచ్చాయి. అవన్నీ పాడైనవని చెప్పలేం గాని, ఫ్యాన్లు అరిగివుండే అవకాశం వుంటుంది. అంతకంటే ఘోరం పేరు మార్చిన కార్డులు. జీటీఎక్స్ 550 టీఐ వంటి ముసలి కార్డు లోపలి రాతను మార్చి, జీటీఎక్స్ 1050 టీఐ అని చూపించేలా చేసి అమ్ముతారు. విండోస్ కూడా ఆ దొంగ పేరునే చూపిస్తుంది. జీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రాము ఇలాంటివాటిలో చాలావాటిని పసిగట్టి, పేరు ముందు 'ఫేక్' అని చూపుతుంది. వాడిన కార్డు కొనేవారు ఆ ప్రోగ్రామును పెన్‌డ్రైవ్‌లో వేసుకు వెళ్లాలి. దుకాణంలోనే అరగంటసేపు ఆట ఆడించి చూడాలి. అందుకు ఒప్పుకోని చోట బేరం మానుకోవడమే మేలు.

ర్యామ్, డిస్కు, బోర్డు

ర్యామ్ 16 జీబీ వుంటే ఇప్పటి ఆటలకు సరిపోతుంది. ఒకటే 16 జీబీ పలక కంటే, ఎనిమిదేసి జీబీల రెండు పలకలు పెడితే వేగం బాగుంటుంది. 'జి' ప్రాసెసర్ వాడేవారికి ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. డీడీఆర్ 4, డీడీఆర్ 5 అని రెండు రకాలున్నాయి. ఒకదానికి చేసిన బోర్డులో మరొకటి పట్టదు. 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు ప్రపంచమంతటా బాగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కడుతున్న పెద్ద పెద్ద కేంద్రాలకు మెమరీ చిప్పులు తరలిపోవడమే అందుకు ముఖ్య కారణం. అందుచేత నిరుడు ఎవరో కొన్న ధర పట్టుకుని బేరానికి వెళితే లెక్క తప్పుతుంది. అలాగే ర్యామ్ ధర ఎక్కువని ఎనిమిది జీబీలతో సరిపెట్టి, మిగిలిన సొమ్మును రంగు దీపాలకు పోయించడమూ తగదు.

ఆటలు దాచుకోవడానికి పాత తిరుగుడు హార్డ్‌డిస్క్ కాకుండా ఎస్ఎస్‌డీ తీసుకోవాలి. ఎన్‌వీఎమ్ఈ రకమైతే ఇంకా మంచిది. ఈనాటి పెద్ద ఆట ఒక్కటే వంద జీబీల దాకా చోటు తినేస్తుంది కాబట్టి 500 జీబీలకు తగ్గకూడదు. వీలైతే 1000 జీబీలు, అంటే ఒక టీబీ మంచిది. పల్లెల్లో ఇంటర్నెట్ నెమ్మదిగా వుండేచోట ఒక ఆట దిగడానికి రాత్రంతా పట్టవచ్చు. చోటు చాలక మాటిమాటికీ తుడిచి మళ్లీ దింపుకోవడం కంటే మొదటే కాస్త పెద్దది కొనుక్కోవడం నయం.

మదర్‌బోర్డు విషయంలో చూడవలసింది రేపటి సంగతి. ఏఎమ్‌డీ ఏఎమ్4 బోర్డుల కాలం ముగింపుకు వచ్చింది. వాటికి సరుకు ఇంకా దొరుకుతోంది గాని కొత్త తరం ప్రాసెసర్లు రావు. 2022లో మొదలైన ఏఎమ్5 బోర్డులకు 2027 దాకా, ఆ పైన కూడా కొత్త ప్రాసెసర్లు తెస్తామని ఆ కంపెనీ ప్రకటించింది. నాలుగైదేళ్ల తర్వాత ఒక్క ప్రాసెసర్ మార్చుకుని అదే యంత్రాన్ని నడుపుకుందామనుకునేవారికి ఏఎమ్5 మంచిది. ఇప్పటి ఖర్చు తగ్గాలనుకునేవారికి ఏఎమ్4 గాని, ఇంటెల్ పన్నెండో తరం గాని సరిపోతుంది.

అసలు ప్రాణం కరెంటులోనే

హైదరాబాదులో వుండేవారికి చెప్పే సలహాలకూ, పల్లెవారికి చెప్పవలసిన సలహాలకూ తేడా వచ్చేది ఇక్కడే. గోడలోంచి వచ్చే కరెంటును యంత్రానికి కావలసిన 12 వోల్టులకు, ఇతర వోల్టులకు మార్చే పెట్టెను ఎస్ఎంపీఎస్ అంటారు. దుకాణాల్లో డబ్బాతో పాటు ఊరికే ఇచ్చే ఎస్ఎంపీఎస్ మీద '450 వాట్లు' అని పెద్ద అక్షరాలతో రాసి వుంటుంది. దాన్ని నమ్మనవసరం లేదు. పక్కనే అతికించిన చీటీలో 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లో చూడాలి. ఆ అంకెను 12తో గుణిస్తే అసలు బలం బయటపడుతుంది. 16 ఆంపియర్లే వుంటే పన్నెండు పదహార్లు 192 వాట్లు మాత్రమే. నిజమైన 550 వాట్ల పెట్టెకు అక్కడ 45 ఆంపియర్ల దాకా వుంటుంది. అంటే 540 వాట్లు. బోరు మోటారుకు హెచ్‌పీ చూసి తీగ వేసే రైతుకు ఈ లెక్క కష్టం కాదు.

ఉదాహరణకు ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్ గరిష్ఠంగా 117 వాట్లు, ఆర్‌టీఎక్స్ 4060 కార్డు 115 వాట్లు తీసుకుంటాయి. మిగతావన్నీ కలిపి మరో 50 వేసుకున్నా మూడు వందలకు లోపే. దానికి 80 ప్లస్ గుర్తు వున్న 500 లేదా 550 వాట్ల పేరున్న ఎస్ఎంపీఎస్ ధారాళంగా సరిపోతుంది. వోల్టేజీ హెచ్చుతగ్గులను తట్టుకునేదీ, ఏదైనా తేడా వస్తే తానే ఆగిపోయి కార్డును కాపాడేదీ మంచి ఎస్ఎంపీఎస్సే. నాసిది పోతూపోతూ బోర్డునో, కార్డునో వెంట తీసుకుపోవచ్చు. వెయ్యి, రెండు వేల రూపాయలు మిగుల్చుకోవాలని చూసి, అంతకు ఎన్నో రెట్ల ఖరీదైన కార్డును పోగొట్టుకోవడం ఏ లెక్కన చూసినా నష్టమే.

డబ్బాను ముట్టుకుంటే చేతికి 'జివ్వు'మంటోందని చాలామంది అంటుంటారు. కంప్యూటర్ పాడైందని మరమ్మతు దుకాణానికి మోసుకుపోతారు. చాలాసార్లు లోపం యంత్రంలో వుండదు, ఇంటి ఎర్త్‌లో వుంటుంది. ఎస్ఎంపీఎస్ లోపల కరెంటును వడగట్టే భాగం నుంచి కొద్దిపాటి కరెంటు డబ్బా రేకులోకి వస్తుంది. ఎర్త్ సరిగా వుంటే అది భూమిలోకి పోతుంది. లేకపోతే ముట్టుకున్నవారి చేతిలోంచి పోతుంది. సాకెట్టులో మూడో రంధ్రం వున్నంత మాత్రాన ఎర్త్ వున్నట్టు కాదు. దాని వెనక తీగ ఎర్త్ గొయ్యి దాకా పోయిందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించాలి. వేసవిలో గొయ్యి ఎండిపోకుండా నీళ్లు పోస్తుండాలి. కంప్యూటర్ తెచ్చే రోజుకు ముందే ఈ పని పూర్తి కావాలి.

యూపీఎస్ కొనేటప్పుడు కూడా అంకె చూసి మోసపోకూడదు. సాధారణంగా దొరికే 600 వీఏ యూపీఎస్ 360 వాట్లే ఇస్తుంది. ఆటలాడే యంత్రం, తెర కలిపి 330 వాట్లు లాగుతుంటే అది అంచు మీద నడుస్తున్నట్టే. 1000 వీఏ అయితే నిశ్చింత. అయినా యూపీఎస్ వుండేది కరెంటు పోయాక ఆట కొనసాగించడానికి కాదు. ఆడినంత మేరకు దాచుకుని, యంత్రాన్ని పద్ధతిగా ఆపడానికి. ఉరుములు మొదలైతే ప్లగ్గు పీకేయాలి. ఇంటర్నెట్ తీగను కూడా పీకడం మరిచిపోకూడదు. పిడుగు ఆ దారిన కూడా వస్తుంది.

కరెంటు బిల్లు గురించి భయం అక్కరలేదు. ఇలాంటి యంత్రం మీద రోజుకు మూడు గంటలు ఆడితే సుమారు ఒక యూనిట్ ఖర్చవుతుంది.

ఎండ, దుమ్ము, బల్లులు

రెంటచింతల ఎండలు తెలిసినవారికి వేడి గురించి వేరే చెప్పనవసరం లేదు. డబ్బా ముందువైపు గాలి లోపలికి పోయే జల్లెడ వుండి, ముందొకటి వెనకొకటి ఫ్యాన్లు వుంటే చాలు. ముందంతా అద్దం బిగించి, వెనక రంగు దీపాలు వెలిగే డబ్బా చూపులకు బాగుంటుంది గాని, గాలి ఆడదు. మిర్చి కళ్లాల దుమ్ము, రోడ్డు దుమ్ము చేరే ఇళ్లలో రెండు మూడు నెలలకోసారి తెరిచి బ్లోయరుతో ఊదించాలి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలు గిర్రున తిరగకుండా వేలితో పట్టుకోవాలి. డబ్బాను నేల మీద కాక బల్ల మీద పెట్టాలి. వెనకవైపు తెరిచివున్న సందులకు రేకులు బిగించాలి. ఆ సందుల్లోంచే బల్లులు, చీమలు వెచ్చదనం కోసం లోపలికి చేరి బోర్డును షార్ట్ చేస్తాయి.

సొమ్ము చాలకపోతే రెండు పంటల్లో

అంతా ఒకేసారి కొనాలన్న నియమమేమీ లేదు. మొదటి ఏడాది కార్డు లేకుండా, బొమ్మ గీసే బలం తనలోనే వున్న రైజెన్ 5 5600జి గాని, 2024లో వచ్చిన రైజెన్ 5 8600జి గాని తీసుకోవచ్చు. వాలరెంట్ వంటి తేలిక ఆటలు వీటితోనే చక్కగా నడుస్తాయి. చదువుకు, ప్రోగ్రాములకు లోటు వుండదు. అయితే ఎస్ఎంపీఎస్ మాత్రం మొదటి రోజే 550 వాట్లది మంచిది కొనాలి. మరుసటి ఏడాది చేతిలో సొమ్ము వుంటే కార్డు ఒక్కటి తెచ్చి గుచ్చుకుంటే సరిపోతుంది. పిల్లవాడి మోజు ఆ ఏడాదిలో తీరిపోతే ఆ సొమ్ము మిగిలినట్టే.

ఆఫీసుల్లో వాడి తీసేసిన చిన్న డబ్బాలను కొని తర్వాత కార్డు పెట్టుకుందామనుకునేవారు ఒకటి గమనించాలి. వాటిలో చాలావాటి ఎస్ఎంపీఎస్ ఆ కంపెనీ సొంత కొలతలతో వుంటుంది. బజారులో దొరికేది దానికి పట్టదు.

కోత పెట్టవలసి వస్తే రంగు దీపాల్లో, ఖరీదైన డబ్బాలో, ఆటల మీటల పలకలో, ఆటల కుర్చీలో పెట్టాలి. ఎస్ఎంపీఎస్‌లో, ఎస్ఎస్‌డీలో పెట్టకూడదు.

బిల్లు లేని సరుకు వద్దు

గుంటూరు, విజయవాడ దుకాణాల్లో రెండు మూడు చోట్ల కొటేషన్ రాయించుకోవాలి. బేరం పెద్దదైతే సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా వెళ్లేవారున్నారు. అక్కడ కంప్యూటర్ సామాను దుకాణాలు వరసగా వుంటాయి. ఆన్‌లైన్ ధర కూడా ఫోనులో చూసుకోవాలి. కొటేషన్‌లో 'ఐ5, 16 జీబీ, కార్డు' అని గుండుగుత్తగా రాస్తే ఒప్పుకోకూడదు. ప్రతి భాగానికీ కంపెనీ పేరు, పూర్తి నంబరు విడివిడిగా వుండాలి.

బిల్లు లేకుండా తీసుకుంటే 18 శాతం జీఎస్‌టీ తగ్గిస్తామని చెప్పేవారుంటారు. ఆ మాటకు లొంగితే వారంటీ వదులుకున్నట్టే. సీలు వేసిన డబ్బాలో వచ్చే ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్లకు మూడేళ్ల వారంటీ వుంటుంది. మంచి ఎస్ఎంపీఎస్‌కు అంతకంటే ఎక్కువే వుండవచ్చు. బిల్లు మీద ఒక్కో భాగం సీరియల్ నంబరు రాయించుకోవాలి. ఖాళీ అట్టపెట్టెలు కూడా ఇంటికి తెచ్చుకోవాలి. వీలైతే యంత్రాన్ని కళ్లముందే కూర్పించుకుని, అక్కడే ఆట ఆడించి చూడాలి. ఆన్‌లైన్‌లో కొన్నవారు పార్శిల్ విప్పడం మొదలుకొని ఫోనులో వీడియో తీసి వుంచుకుంటే, తేడా వచ్చినప్పుడు రుజువుగా వుంటుంది.

బస్సులో తెచ్చుకునేవారు గ్రాఫిక్స్ కార్డును ఊడదీయించి, దాని పెట్టెలోనే పెట్టి విడిగా తెచ్చుకోవాలి. బరువైన కార్డు గతుకులకు ఊగి బోర్డు గాడిని విరిచే ప్రమాదం వుంది. ఇంటికొచ్చి బిగించాక తెర తీగను కార్డుకున్న రంధ్రంలోనే గుచ్చాలి. కొత్తవారు చాలామంది దాన్ని బోర్డుకున్న రంధ్రంలో గుచ్చి, "కార్డు పనిచేయడం లేదు" అని కంగారుపడి మళ్లీ పట్నం బస్సెక్కుతుంటారు.

దుకాణానికి తీసుకువెళ్లవలసిన చీటీ

1. ఆడదలచిన ఆటల పేర్లు, వాటికి కావలసిన ప్రాసెసర్, కార్డు, ర్యామ్.

2. ప్రాసెసర్ పూర్తి నంబరు. ఇంటెల్ అయితే పన్నెండో తరానికి తగ్గకుండా చూసుకోవడం మంచిది.

3. కార్డు పూర్తి పేరు, జీబీలు, అది వచ్చిన సంవత్సరం.

4. ర్యామ్ 16 జీబీ, రెండు పలకలు. ఎస్ఎస్‌డీ 500 జీబీలకు తగ్గకుండా.

5. ఎస్ఎంపీఎస్ చీటీ మీద 12 వోల్టుల ఆంపియర్లు. 12తో గుణించి చూడటం.

6. ప్రతి భాగానికీ సీరియల్ నంబరుతో బిల్లు.

7. ఇంట్లో ఎర్త్ పని ముందే పూర్తి.

ఈ చీటీ జేబులో పెట్టుకుని వెళ్లిన తండ్రికి కంప్యూటర్ నడపడం రాకపోయినా ఫరవాలేదు. కొనబోయే సరుకు వయసెంతో అడిగి తెలుసుకోగలిగితే, అమ్మేవాడు కూడా అందుకు తగ్గ సరుకే ముందు పెడతాడు.